నలభై వేల సార్లు నవ్వించినవాడు

కాలేజీలో నేను తెలుగు చెప్పడం మొదలుపెట్టి 2018 నాటికి పదిహేనేళ్ళు. ఏటేటా అవే ప్రబంధాలు, అవే పద్యాలు, అవే అలంకారాలు. పద్యానికి అర్థం చెప్పి చివర ఒక చమత్కారం విసరడం నాకు అలవాటు. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒకనాడు, చమత్కారం నా నోటినుంచి రాకముందే ముందు బల్లమీది అమ్మాయి ఫక్కున నవ్వింది.

"ఏమమ్మా?" అన్నాను.

"మా అక్క కూడా మీ దగ్గరే చదువుకుందండీ మాస్టారూ. ఇక్కడ మీరేమంటారో ముందే చెప్పేసింది" అన్నది.

క్లాసంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమయిందని అడిగితే తలనొప్పి అన్నాను. నిజానికి అది తలనొప్పి కాదు. నా పాఠం పాచిపోయిందని పిల్లలే చెప్పిన తరువాత ఇంకా ఆ కుర్చీలో కూర్చోవడమెందుకు అనే బెంగ.

ఆ వేసవి సెలవుల్లో మా బావమరిది పిలుపుమీద కాలిఫోర్నియా వెళ్ళాము. ఒకరోజు అందరం కలిసి అనహైమ్ లోని డిస్నీలాండుకు బయలుదేరాము. పిల్లలకు రంగులరాట్నాలు, కొండరైళ్ళు కావాలి. నాకేమో వాటిని చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. మా బావమరిది నా అవస్థ కనిపెట్టి, "బావగారూ, మీరీ ఎండలో తిరగలేరుగాని, ఆ హాల్లో చల్లగా కూర్చోండి. అది చాలా చరిత్ర వున్న హాలు" అని చూపించి వెళ్ళిపోయాడు.

ఆ హాలు పేరు గోల్డెన్ హార్స్‌షూ, అంటే బంగారు గుర్రపులాడం అన్నమాట. పాతకాలపు పడమటి అమెరికా పట్నాల్లో పశువుల కాపర్లు సాయంత్రంపూట చేరి తాగి, పాటలు విని, తగువులాడుకునే సెలూన్లు వుండేవి. ఆ బాణీలో కట్టిన రెండంతస్తుల హాలు అది. కింద బల్లలు, కుర్చీలు; పైన చుట్టూ వసారా; ఎదురుగా చిన్న రంగస్థలం. అక్కడ కూర్చుని కొంతా, తరువాత ఇంటికి వచ్చి చదివి కొంతా తెలుసుకున్న కథ ఇది.

డిస్నీలాండు 1955 జూలై 17న తెరిచారు. ఈ హాలుకు రూపకల్పన చేసినవాడు హార్పర్ గాఫ్. అంతకు రెండేళ్ళ ముందు వచ్చిన "కెలామిటీ జేన్" అనే సినిమాకు సెలూన్ సెట్టింగు వేసిన మనిషి ఆయనే. పార్కు తెరవడానికి నాలుగు రోజుల ముందు, జూలై 13న, వాల్ట్ డిస్నీ దంపతుల ముప్పయ్యవ పెళ్ళిరోజు వచ్చింది. విందు ఈ హాల్లోనే. ఆ రాత్రి డిస్నీగారు సంతోషం పట్టలేక పై వసారా కమ్మీలు దాటి, చంటిపిల్లవాడిలా పాకుతూ కిందికి దిగబోతే అతిథులు హడలిపోయారు! క్షేమంగానే దిగి, రంగస్థలంమీద చిరునవ్వుతో నిలబడ్డారు. పెళ్ళిరోజు విందుతోబాటు ఆ హాలుకు గృహప్రవేశమూ జరిగిపోయింది.

అక్కడ ఆడిన ఆట పేరు "గోల్డెన్ హార్స్‌షూ రెవ్యూ". ముప్పావుగంట ఆట. సెలూన్ యజమానురాలు స్లూ ఫుట్ స్యూ పాట పాడుతుంది. గౌను అంచులు ఎగరేస్తూ అమ్మాయిలు నృత్యం చేస్తారు. ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే వర్తకుడొకడు వచ్చి నవ్విస్తాడు. చివర అతడే పేకోస్ బిల్ అనే జానపదవీరుడి వేషంలో తిరిగొస్తాడు. మూతిమీద దెబ్బ తగిలి, పళ్ళు రాలినట్టుగా నోట్లోనుంచి చిక్కుడుగింజలు ఉమ్మడం మొదలుపెడతాడు. ఎంతకీ ఆ పళ్ళు అయిపోవు! పేరుకు సెలూనేగాని సారా చుక్క లేదు. పెప్సీకోలా కంపెనీ అండతో నడిచింది కనుక పానీయమూ అదే.

ఆ వర్తకుడి వేషం వేసినవాడు వాలీ బోగ్. మొదట రాసుకున్న ఒప్పందం ఎన్నాళ్ళకో తెలుసా? రెండు వారాలకు. ఉన్నది 1982 దాకా! రోజుకు నాలుగైదు ఆటల లెక్కన దాదాపు 40 వేలసార్లు ఆయన అవే మాటలు అన్నాడు, అవే బుడగలు మెలిపెట్టి జంతువులు చేశాడు, అవే పళ్ళు ఉమ్మాడు. స్యూ వేషానికి 1956లో వచ్చిన బెట్టీ టేలర్ మూడు దశాబ్దాలు ఆడింది. పదివేలవ ఆట పండుగను 1962లో డిస్నీగారు తన టెలివిజన్ కార్యక్రమంలో దేశానికంతా చూపించారు. 1986 అక్టోబరులో ఆట ఆగిపోయేనాటికి 47 వేల పైచిలుకు ప్రదర్శనలయ్యాయి. గిన్నిస్ పుస్తకానికి కూడా ఎక్కింది. తరువాత అక్కడ వేరే ఆటలు, వేరే పాటలు వచ్చాయి. నేను వెళ్ళేనాటికి అది ముఖ్యంగా ఫలహారశాల.

మనకిది మరీ వింత కాదు. మన సురభివారు తరతరాలుగా "మాయాబజార్" ఆడలేదా? తాత వేసిన వేషం మనుమడు వేయలేదా?

అయితే నన్ను పట్టుకున్న సంగతి మరొకటి. ఆ పార్కులోనే గైడు పుస్తకాలు అమ్ముకునే ఒక కుర్రవాడు, తీరిక దొరికినప్పుడల్లా ఈ హాల్లో దూరి బోగ్ ఆట చూసేవాడు. చూసి చూసి మాటలన్నీ కంఠస్థం చేసేశాడు. తరువాత మాట అదేనని ముందే తెలిసి కూడా మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఆ కుర్రవాడే పెద్దయి అమెరికా అంతటినీ నవ్వించిన స్టీవ్ మార్టిన్. బోగ్‌ను తన గురువులలో ఒకడుగా చెప్పుకుంటాడు.

చదవగానే నాకు ముందు బల్లమీది అమ్మాయి గుర్తుకొచ్చింది. కంఠతా రావడమంటే పాచిపోవడమేనా? నలభై వేలసార్లు చెప్పినవాడికి అది పాతమాటే. కింద కూర్చున్న పిల్లవాడికి అది మొదటిసారి. బోగ్ ఆ పిల్లవాడి ముఖం చూస్తూ చెప్పి వుంటాడు. నేను నా నోట్సు చూస్తూ చెప్పాను. తేడా అంతే! పాతబడింది చమత్కారం కాదు, నేను.

బోగ్ 2011 జూన్ 3న, తన 90వ ఏట కన్నుమూశాడు. ఆ మర్నాడే, జూన్ 4న, బెట్టీ టేలర్ కూడా వెళ్ళిపోయింది. ఆమెకు 91 ఏళ్ళు. ఏళ్ళ తరబడి ఒకరి మాటకు మరొకరు మాట అందించుకున్న వారు అక్కడా ఆలస్యం చేసుకోలేదు.

సెలవులయ్యాక కాలేజీ తెరిచారు. అదే అమ్మాయి, ఇప్పుడు రెండో సంవత్సరం. పద్యానికి అర్థం చెప్పి, నోట్సు మూసి, "ఏమమ్మా, ఇక్కడ నేనేమంటానో మీ అక్క చెప్పిందా?" అని అడిగాను. అమ్మాయి సిగ్గుపడుతూ లేచి, చమత్కారం తానే చెప్పేసింది. తనదొక విరుపు కూడా జోడించింది. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

ఒప్పుకోవలసిందే. ఆ విరుపు నా పదిహేనేళ్ళ చమత్కారం కంటే బాగుంది. అప్పటినుంచి నేనూ అదే వాడుతున్నాను.