నెలకి 7 కిలోల మూట: రూముల్లో చదువుకునే పిల్లలకి మన పంట



పోయిన ఏడాది మా తమ్ముడు హైదరాబాద్ అశోక్ నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లేవాడు. నెలకి 8,000 పంపేవాళ్లం. అద్దె, రీడింగ్ రూము ఫీజు, పుస్తకాలు పోను తిండికి మిగిలేది 2,500. పొద్దున టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం తెల్లన్నంలోకి కర్రీ పాయింట్ కూర. రాత్రికి నూడిల్స్. సంక్రాంతికి ఇంటికొస్తే మిద్దె మెట్లు ఎక్కడానికే ఆయాసపడుతున్నాడు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 ఉంది.

ఆ రోజు మా వసారాలో శెనక్కాయల బస్తాలు, రాగుల బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. మా అమ్మ వాటికేసి చూసి ఒకటే మాట అంది: "ఊరందరికీ ఆరోగ్యం అమ్ముతున్నావు, నీ తమ్ముడికి ఎవరు అమ్ముతారబ్బీ?"

నిజమే. మా రాగిపిండిని అరకిలో ప్యాకెట్టు చేసి, రంగుల లేబుల్ వేసి 75 రూపాయలకి అమ్మేవాణ్ణి. కిలో 150 అన్నమాట. మా తమ్ముడి లాంటి పిల్లోడు ఆ ప్యాకెట్టు చేత్తో పట్టుకుని చూసి, మళ్లీ అక్కడే పెట్టేస్తాడు. అప్పుడు కూర్చుని లెక్క వేశాం.

మూడు టీ గ్లాసుల లెక్క

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ చెప్పే ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల కుర్రాడికి దాదాపు 50 గ్రాములు. చిన్న టీ గ్లాసు కొలతగా పెట్టుకుంటే సులువు:

- ఒక గ్లాసు పెసలు (65 గ్రాములు): 15 గ్రాముల ప్రొటీన్
- నిండుగా ఒక గ్లాసు శెనగ్గింజలు (65 గ్రాములు): 15 గ్రాములు
- ఒక గ్లాసు రాగిపిండి (65 గ్రాములు): 4 నుంచి 5 గ్రాములు
- వీటితోపాటు పావుకిలో బియ్యం: 18 గ్రాముల దాకా

మొత్తం 50 దాటింది. పైగా ఆ గ్లాసు రాగిపిండిలో 200 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. గుడ్డు తినేవాళ్లకి ఒక్కో గుడ్డుతో ఇంకో 6 గ్రాముల ప్రొటీన్ కలుస్తుంది.

నెలకి పెసలు 2 కిలోలు, శెనగ్గింజలు 2 కిలోలు, రాగిపిండి 2 కిలోలు, బెల్లం కిలో. ఇదే మా 7 కిలోల మూట. రాగిపిండి కిలో 60, పెసలు 110, శెనగ్గింజలు 130, బెల్లం 70 వేసుకున్నాం. మొత్తం 670. రోజుకి 22 రూపాయల చిల్లర. లేబుల్ లేదు, డబ్బా లేదు, మామూలు గుడ్డ సంచి. ఐదు మూటలు ఒకే బస్తాలో ఆర్టీసీ కార్గోలో వేస్తే రవాణా ఖర్చు ఐదుగురికి పంచుకుపోతుంది.

రూములో ఎలా వండాలి

గ్యాస్ లేదు, చిన్న రైస్ కుక్కర్ ఒక్కటే ఉంది. పై వీడియోలో మా తమ్ముడే వండి చూపించాడు.

రాత్రి పడుకునేముందు రాగిపిండి నీళ్లలో కలిపి మూత పెట్టాలి. ఇంకో గిన్నెలో పెసలు నానేయాలి. పొద్దున ఆ రాగి నీళ్లని కుక్కర్లో పోసి, మూత తీసే ఉంచి, గడ్డ కట్టకుండా కలుపుతూ ఉడికిస్తే అంబలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. మధ్యాహ్నం బియ్యంలోనే నానిన పెసలు, పసుపు, కడిగి తరిగిన తోటకూరో మునగాకో వేసి వండేయడమే. ఆకుకూరలు రైతు బజారులో తెచ్చుకుంటే చౌక. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవాలి, ఆ పులుపులోని విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే అదే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంటసేపు ఆగాలి. సాయంత్రం ఆకలికి వేయించిన శెనగ్గింజలు, బెల్లం ముక్క.

మనం చేయకూడని పని

పిల్లలకి తక్కువ ధరకి ఇస్తున్నాం కదా అని ఏరివేత గింజలు పంపకండి. విరిగిన గింజ వేరు, బూజు పట్టిన గింజ వేరు. బూజు పట్టిన శెనగ్గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. కాయ ఊపితే గింజ గలగలమనేదాకా ఎండబెట్టి, ముడతలు పడినవి, రంగు మారినవి తీసేశాకే కట్టండి. పెసలు బాగా ఎండకపోతే పురుగు పడుతుంది. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే అందులో ఇనుము ఇంకా బాగా ఒంటబడుతుంది. సజ్జపిండి మాత్రం పంపొద్దు, కొద్ది రోజులకే చేదెక్కుతుంది.

మూడు నెలల తర్వాత తమ్ముడి హిమోగ్లోబిన్ 12కి వచ్చింది. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు కూడా వాడాడు కాబట్టి అంతా మూట గొప్పే అనను. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్‌ని చూడాల్సిందే. కానీ టీ, బిస్కెట్లు, నూడిల్స్‌కి పెట్టే 1,500 అతనికి మిగిలింది. రూమ్మేట్లు "అన్నా, మాకూ పంపు" అన్నారు. ఇప్పుడు నెలకి 23 మూటలు పోతున్నాయి. కిలోకి వచ్చే లాభం ప్యాకెట్లలో కంటే తక్కువే. కానీ ముందే డబ్బు వస్తుంది, సరుకు నిలవ ఉండదు, మధ్యలో వ్యాపారి లేడు.

రాగులు అనండి, తైదలు అనండి, చోళ్లు అనండి, పంట ఒకటే. మీ వైపు జొన్నలు, కందులు, మినుములు పండితే మూట దాని ప్రకారం మారుతుంది. ముందు మీ ఊరి నుంచి పట్నం వెళ్లి చదువుకుంటున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క రాసుకోండి. ఐదుగురు తేలితే చాలు, ఒక బస్తా నిండినట్టే.