జెండా లాగితే ఆట ఆగుతుంది: ఫ్లాగ్ ఫుట్‌బాల్ నియమాలు, కెప్టెన్ బాధ్యతలు

ఫుట్‌బాల్ అనగానే మనకు గుండ్రటి బంతి, దాన్ని కాలితో తన్నడం, గోల్ పోస్టు గుర్తొస్తాయి. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ, అడ్డొచ్చిన వాళ్లను భుజంతో ఢీకొట్టి నేల మీద పడేసే ఆట అది. మన బ్యాంకు కుటుంబాల్లో కొడుకో కూతురో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన వాళ్లు చాలామందే ఉన్నారు. మనవడు ఫుట్‌బాల్ జట్టులో చేరాడని ఫోన్‌లో వినగానే ఇక్కడ అమ్మమ్మ గుండె గుభేలుమనడం సహజం. అయితే వాడు చేరింది ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టయితే అంత కంగారు అక్కర్లేదు. కొన్ని విషయాలు తెలుసుకుంటే చాలు.

ఈ ఆటకు మన దేశంతో ఒక చిన్న సంబంధం కూడా ఉంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 141వ సమావేశం 2023 అక్టోబరులో ముంబైలో జరిగింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌ను చేర్చాలని అక్కడే నిర్ణయించారు. ఆ వార్తను మనమందరం పండగలా చదివాం. అదే నిర్ణయంలో స్క్వాష్, లాక్రోస్, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్ కూడా ఉంది. పురుషులకు, స్త్రీలకు విడివిడిగా పోటీలు జరుగుతాయి. 2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరంలో జరిగిన వరల్డ్ గేమ్స్‌లో పురుషుల స్వర్ణం అమెరికాకు దక్కింది. స్త్రీల విభాగంలో మాత్రం మెక్సికో అమ్మాయిలు ఆతిథ్య జట్టునే ఓడించి స్వర్ణం తీసుకెళ్లారు.

జెండా ఎందుకు?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక స్థావరాల్లో ఈ ఆట వ్యాప్తిలోకి వచ్చింది. సైనికులకు ఆట కావాలి, కానీ ఆటలో కాళ్లూ చేతులూ విరిగితే యుద్ధానికి పనికిరారు. అందుకని మనిషిని పడేయడానికి బదులు, నడుముకు వేలాడే గుడ్డ పట్టీని లాగితే చాలు, పడేసినట్టే లెక్క అనుకున్నారు. ఆ పట్టీనే ఫ్లాగ్ అంటారు. ప్రతి ఆటగాడి నడుము బెల్టుకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి. బంతి ఉన్నవాడి పట్టీని ఎదుటి జట్టు లాగేసిన క్షణంలో ఆట ఆగిపోతుంది.

మన చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టి ఆపాలి. ఇక్కడ పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం అన్నీ తప్పులే. తాకాల్సింది పట్టీని మాత్రమే. అందువల్ల బలం కంటే చురుకుదనం ఎక్కువ పనికొస్తుంది. పదేళ్ల పిల్లలు, అమ్మాయిలు, నలభై దాటిన ఆఫీసు ఉద్యోగులు కూడా ఆడగలగడానికి కారణం ఇదే.

ఆట తీరు

ఒలింపిక్స్‌కు ఎంచుకున్నది జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే పద్ధతి. మైదానం పొడవు 50 గజాలు, వెడల్పు 25 గజాలు. రెండు చివరలా మరో 10 గజాల చొప్పున ఎండ్ జోన్ ఉంటుంది. అంటే మొత్తం పొడవు 70 గజాలు, సుమారు 64 మీటర్లు. ఇళ్ల స్థలాల పుణ్యమా అని గజాల లెక్క మనకు కొత్త కాదు కాబట్టి ఊహించుకోవడం తేలికే. ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు.

దాడి చేసే జట్టు తమ ఎండ్ జోన్‌కు 5 గజాల దూరం నుంచి మొదలుపెడుతుంది. మధ్య గీత దాటడానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. గీత దాటితే ఎదుటి ఎండ్ జోన్‌లోకి చేరడానికి మళ్లీ నాలుగు డౌన్‌లు. చేరలేకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. ఓవర్లు అయిపోయాక బ్యాటింగ్ వదులుకున్నట్టే అనుకోండి.

ప్రతి డౌన్‌లోనూ ఒకరు బంతిని వెనక్కి అందిస్తారు. దాన్ని అందుకునేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతను ముందున్న సహచరుడికి విసరవచ్చు, లేదా పక్కనున్నవాడి చేతికి ఇచ్చి పరుగెత్తించవచ్చు. తానే నేరుగా బంతితో ముందుకు పరుగెత్తకూడదు. అతని మీదకు దూసుకురావాలనుకునే ఎదుటి ఆటగాడు కనీసం 7 గజాల దూరం నుంచి బయలుదేరాలి. బంతి నేలకు తగిలితే ఆ డౌన్ అక్కడితో సరి. కింద పడిన బంతి కోసం గుంపుగా మీద పడే ప్రమాదం ఈ ఒక్క నియమంతో తప్పిపోతుంది.

మధ్య గీతకు, ఎండ్ జోన్‌కు ముందున్న చివరి 5 గజాల్లో పరుగు నిషేధం, విసిరి మాత్రమే ముందుకు వెళ్లాలి. ఇరుకు చోట పదిమంది ఒకరినొకరు తోసుకోకుండా పెట్టిన నియమం ఇది. బంతి పట్టుకున్నవాడు చేత్తో తన పట్టీని కప్పుకున్నా, లాగబోయే చేతిని తోసేసినా తప్పే. ఎదుటివాడి చేతిలోని బంతిని లాక్కోవడమూ తప్పే.

బంతితో ఎండ్ జోన్‌లోకి చేరితే 6 పాయింట్లు. దీన్ని టచ్‌డౌన్ అంటారు. ఆ వెంటనే అదనపు పాయింటు కోసం ఒక అవకాశం వస్తుంది. 5 గజాల నుంచి ప్రయత్నిస్తే 1 పాయింటు, 10 గజాల నుంచి అయితే 2. దాడి చేస్తున్న జట్టు ఆటగాణ్ణి అతని సొంత ఎండ్ జోన్‌లోనే ఆపేస్తే ఎదుటి జట్టుకు 2 పాయింట్లు.

ఇవి ప్రధాన నియమాలు. వారాంతాల్లో వినోదం కోసం నడిచే లీగుల్లో చాలా తేడాలుంటాయి. కొన్ని చోట్ల ఏడుగురు, కొన్ని చోట్ల ఎనిమిది మంది ఆడతారు. స్త్రీ పురుషులు కలిసి ఆడే లీగుల్లో కనీసం ఇంతమంది స్త్రీలు మైదానంలో ఉండాలన్న షరతు ఉంటుంది. ఎవరూ లాగకుండా పట్టీ దానంతట అదే ఊడిపోతే ఏం చేయాలన్నది కూడా లీగును బట్టి మారుతుంది. ఇవన్నీ ముందుగా చదివి జట్టుకు చెప్పాల్సిన మనిషి ఒకరుండాలి. ఆ మనిషే కెప్టెన్.

కెప్టెన్ అంటే ఎవరు?

మన దృష్టిలో కెప్టెన్ అంటే జట్టులో అందరికంటే బాగా ఆడేవాడు. వినోద లీగుల్లో ఆ అవసరం లేదు. అక్కడ కెప్టెన్ పని మన శాఖలో మేనేజరు పని లాంటిది. కౌంటర్లో వేగంగా నోట్లు లెక్కపెట్టడం మేనేజరు గొప్పతనం కాదు. పొద్దున్న పదింటికి కౌంటరు తెరుచుకునేలా చూడటం, తాళాలు ఎవరి దగ్గరున్నాయో తెలిసి ఉండటం, రోజు చివర లెక్క సరిపోవడం ఆయన పని.

సీజన్ మొదలయ్యే ముందు కెప్టెన్‌కు చేతినిండా పని ఉంటుంది. ఆటగాళ్ల పేర్లు నమోదు చేయించాలి. ఫీజు వసూలు చేసి గడువులోగా కట్టాలి. ఈ డబ్బు దగ్గరే స్నేహాలు చెడుతుంటాయి. బ్యాంకు మనిషిగా నా సలహా ఒకటే. ఎవరు ఎంత ఇచ్చారు, దేనికి ఖర్చయింది, మధ్యలో మానేస్తే ఎంత తిరిగొస్తుంది అన్న మూడు సంగతులూ మొదటి రోజే రాసి అందరికీ పంపాలి. చిన్న మొత్తమే కదా అని నోటిమాటతో సరిపెడితే, సీజన్ చివరికి లెక్క ఎవరికీ గుర్తుండదు.

ఆట రోజున కెప్టెన్ మొదట చూడాల్సింది హాజరు. లీగు చెప్పిన కనీస సంఖ్యలో ఆటగాళ్లు సమయానికి రాకపోతే, ఆడకుండానే ఓడినట్టు ప్రకటిస్తారు. అందుకే వచ్చేదీ రానిదీ ముందురోజే అడిగి తెలుసుకోవాలి. తర్వాత దుస్తులు చూడాలి. జేబులున్న నిక్కర్లు చాలా చోట్ల అనుమతించరు. పట్టీ లాగబోయిన వేళ్లు జేబులో ఇరుక్కుని విరిగే ప్రమాదం ఉండటమే దానికి కారణం. ఇనుప ముళ్లున్న బూట్లు పనికిరావు. ఉంగరాలు, గొలుసులు తీసేయాలి. పళ్లకు రక్షణగా మౌత్‌గార్డ్ పెట్టుకోవాలి. చొక్కా బెల్టు మీద వేలాడకుండా లోపలికి దోపుకోవాలి.

టాస్‌కు వెళ్లేది కెప్టెనే. గెలిస్తే ముందు దాడి చేయాలా, కాపాడుకోవాలా అన్నది నిర్ణయించాలి. ఆటలో రిఫరీతో మాట్లాడే హక్కు కూడా సాధారణంగా కెప్టెన్‌కు, కోచ్‌కు మాత్రమే ఉంటుంది. ఈ హక్కుకు ఒక హద్దుంది. నియమం ఏమిటో అడగవచ్చు. పట్టీ లాగినప్పుడు కాలు గీత లోపల ఉందా, బయట ఉందా అన్న రిఫరీ చూపును ప్రశ్నించకూడదు. తన ఆటగాళ్లు ఐదుగురూ రిఫరీని చుట్టుముట్టకుండా ఆపడం కూడా కెప్టెన్ బాధ్యతే.

కొన్ని నిర్ణయాలు క్షణాల్లో తీసుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. మన జట్టు 12, ఎదుటి జట్టు 19. ఆట ముగియబోతుండగా మనం టచ్‌డౌన్ చేశాం, 18 అయింది. 5 గజాల నుంచి ప్రయత్నించి నెగ్గితే 19, సమానం. 10 గజాల నుంచి నెగ్గితే 20, గెలుపు దాదాపు ఖాయం. 5 గజాల చోట పరుగు నిషేధం కాబట్టి బంతి విసరక తప్పదు. 10 గజాల దగ్గర విసరనూవచ్చు, పరుగెత్తనూవచ్చు. దగ్గరగా ఉన్నదే తేలిక అని పైకి అనిపిస్తుంది. కానీ తన జట్టులో విసిరేవాడు బలమా, పరుగెత్తేవాడు బలమా అన్నది తెలిసిన కెప్టెనే సరిగా ఎంచుకోగలడు. ఓడిపోతే ఆ నిర్ణయం నాదే అని చెప్పగలగాలి, బంతి జారవిడిచిన పిల్లవాడి మీదకు నెట్టకూడదు.

పిల్లల జట్లలో మరో సంగతి. బాగా ఆడే ఇద్దరితోనే ఆట అంతా నడిపిస్తే గెలవచ్చు. కానీ మిగతా పిల్లలు మళ్లీ సీజన్‌కు రారు. అందరినీ సమంగా ఆడించడం వినోద లీగు ఉద్దేశంలోనే ఉంది.

అన్నిటికంటే పెద్ద బాధ్యత

ఢీకొట్టడం నిషేధమే అయినా, పరుగులో ఇద్దరి తలలు తగలడం, వెల్లకిలా పడటం జరుగుతూనే ఉంటాయి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు రెండు నిమిషాల్లో లేచి, బాగానే ఉన్నాను ఆడతాను అంటాడు. ఆ మాట నమ్మకూడదు.

2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల అబ్బాయి మామూలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కాసేపు కూర్చుని మళ్లీ ఆటలోకి దిగాడు. మ్యాచ్ తర్వాత కుప్పకూలాడు. ప్రాణం దక్కింది గానీ, మెదడుకు తీవ్రమైన నష్టం జరిగింది. ఆ కుటుంబం చేసిన కృషి వల్ల 2009లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆ పిల్లవాణ్ణి వెంటనే ఆట నుంచి తీసేయాలి. అర్హత ఉన్న వైద్య నిపుణులు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప మళ్లీ ఆడించకూడదు. 2014 నాటికి ఇలాంటి చట్టాలు అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ వచ్చాయి.

చట్టం ఉన్నా, ఆ క్షణంలో మైదానంలో ఉండేది కెప్టెనూ కోచూ మాత్రమే. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, తూలడం, స్కోరెంతో చెప్పలేకపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం కనిపిస్తే, గెలుపు అంచున ఉన్నా సరే బయటికి పంపేయాలి. ఉరుములు వినిపిస్తే ఆట ఆపేయడమూ ఇలాంటి బాధ్యతే.

సంతకం పెట్టే ముందు

నమోదు సమయంలో తల్లిదండ్రుల చేత ఒక పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. దాన్ని వేవర్ అంటారు. దెబ్బలు తగిలే అవకాశం ఉందని మాకు తెలుసు, నిర్వాహకులను బాధ్యులను చేయం అన్నది దాని సారాంశం. అత్యవసరంలో చికిత్స చేయించడానికి, ఫోటోలు వాడుకోవడానికి అనుమతి కూడా అందులోనే ఉండవచ్చు. హామీ పత్రం చదవకుండా సంతకం చేయొద్దని మనం ఖాతాదారులకు రోజూ చెబుతుంటాం. ఇంట్లోనూ అదే పాటిద్దాం.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. అమెరికాలో చిన్న ఎముక విరుపుకు కూడా ఆసుపత్రి బిల్లు చాలా పెద్దదే వస్తుంది. లీగు తరఫున బీమా ఉందా, ఉంటే ఎంతవరకు అని అడగాలి. సెలవులకు వెళ్లిన పిల్లలకు తీసుకునే ప్రయాణ బీమాల్లో పోటీ క్రీడల్లో తగిలే గాయాలకు మినహాయింపు ఉండటం మామూలే. బావగారి పిల్లల జట్టులో ఒకరు తక్కువయ్యారని మనవాణ్ణి దింపే ముందు పాలసీలో ఆ పేరా చూడండి.

మన దగ్గర ఆడాలంటే

ఈ ఆటకు ఖర్చు తక్కువ. ఒక బంతి, పది బెల్టులు, సరిహద్దులకు కొన్ని ప్లాస్టిక్ శంకువులు ఉంటే చాలు. మామూలు ఫుట్‌బాల్ మైదానంలో ఇలాంటివి రెండు హాయిగా పడతాయి. మన వార్షిక క్రీడోత్సవాల్లో కుటుంబ సభ్యుల విభాగం అంటే ఇప్పటికీ ముగ్గులు, మ్యూజికల్ చైర్స్ దగ్గరే ఆగిపోతోంది. తండ్రీ కూతురూ ఒకే జట్టులో ఆడగలిగే ఆట ఒకటి చేరిస్తే బాగుంటుంది. కెప్టెన్‌గా ఆ అమ్మాయినే పెట్టండి. హాజరు చూసుకోవడం, లెక్క రాయడం, నాన్న తప్పు చేసినా రిఫరీ మాటకు కట్టుబడటం తనకు ఆటలోనే అలవాటవుతాయి.