ఫైబర్ తెగినా నెట్ ఆగకూడదంటే ఓఎస్‌పీఎఫ్‌లో మార్చాల్సిన 2 సెట్టింగ్స్

కూచిపూడిలో ఒక రౌటర్ ఉందనుకుందాం. మచిలీపట్నం వైపు 1 జీబీపీఎస్ ఫైబర్, గుడివాడ వైపు బ్యాకప్‌గా 100 ఎంబీపీఎస్ వైర్‌లెస్ లింక్. తుఫాన్లు మామూలైన మన డెల్టాలో రెండో దారి ఉండాల్సిందే. కానీ ఓఎస్‌పీఎఫ్ ఆన్ చేసి వదిలేస్తే సరిపోదు.

1. కాస్ట్: సిస్కో రౌటర్లలో డిఫాల్ట్‌గా 100 ఎంబీపీఎస్‌ని లింక్ స్పీడ్‌తో భాగిస్తే కాస్ట్ వస్తుంది, అది 1 కంటే తగ్గదు. అంటే మన రెండు లింకులకీ ఒకటే కాస్ట్! మిగతా దారి సమానమైతే ట్రాఫిక్ చెరిసగం అయి, స్లో లింక్ నిండిపోతుంది. రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ 10000 పెడితే ఫైబర్‌కి 10, వైర్‌లెస్‌కి 100 అవుతుంది. అన్ని రౌటర్లలోనూ ఇదే పెట్టాలి.

2. టైమర్లు: ఇలాంటి లింకుల్లో హలో 10, డెడ్ 40 సెకన్లు డిఫాల్ట్. కేబుల్ నేరుగా రౌటర్‌కే ఉంటే తెగగానే తెలిసిపోతుంది. మధ్యలో స్విచ్ ఉంటే మాత్రం పోర్ట్ అప్‌లోనే కనిపిస్తుంది, ఆ 40 సెకన్లూ కాల్స్ కట్! ఫైబర్ వైపు హలో 1, డెడ్ 4 పెట్టండి. రెండు చివర్లా ఒకేలా లేకపోతే నైబర్‌షిప్పే ఏర్పడదు. వైర్‌లెస్ వైపు డిఫాల్టే ఉంచండి, లేదంటే జోరు వానలో నాలుగు హలోలు పోయినా లింక్ పోయిందనుకుంటుంది.

చివరగా, తుఫాను సీజన్ రాకముందే స్విచ్‌కి అవతలి కేబుల్ పీకి ఒకసారి టెస్ట్ చేయండి.