"మావాడు ఏమీ అనడండీ" అంటే సరిపోతుందా?

2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక ఫ్లాట్‌కి భోజనం పార్సిల్ తెచ్చిన కుర్రాడి మీదికి, తలుపు తీయగానే పెంపుడు కుక్క ఉరికింది. భయంతో పరుగెత్తినవాడు మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు, తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. ప్రాణం తీసింది కాటు కాదు. అయినా పోలీసులు కుక్క యజమాని మీద కేసు పెట్టారు.

కుక్క కరిస్తేనే తప్పు, లేకపోతే ఏమీ లేదని చాలామంది నమ్మకం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అలా అనుకోదు. తన దగ్గరున్న జంతువు వల్ల ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పో, తీవ్రమైన గాయమో జరిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే 291వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత శిక్షాస్మృతి 289వ సెక్షన్‌లో జరిమానా 1,000 రూపాయలకు మించేది కాదు.

"మావాడు ఏమీ అనడండీ" అని యజమాని అనేది అబద్ధం కాదు. వాళ్లింట్లో అది నిజంగానే ఏమీ అనదు. అదే కుక్క లిఫ్ట్‌లోంచి బయటికొచ్చేసరికి ఎదురుగా బిస్కెట్ ప్యాకెట్ పట్టుకున్న పిల్లాడు ఉంటాడు. మెడకు గొలుసు ఉంటుంది కానీ రెండో కొస ఎవరి చేతిలోనూ ఉండదు, నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంది. చట్టం చూసేది ఆ రెండో కొసనే.

నష్టపరిహారం దగ్గర మరో చిక్కు ఉంది. ఇంగ్లండ్ నుంచి మన కోర్టులకు వచ్చిన పాత సూత్రం ప్రకారం, తన కుక్కకు మీదపడే గుణం ఉందని యజమానికి ముందే తెలిసి ఉంటే, అతని అజాగ్రత్తను విడిగా రుజువు చేయనక్కర్లేదు. తెలియకపోతే మాత్రం ఆ రుజువు భారం గాయపడినవాళ్లదే. అందుకే మొదటి ఫిర్యాదుకు అంత విలువ. ప్యాంటు పట్టి లాగిందనో, మెట్లమీద వెంటపడిందనో ఆ రోజే యజమానికి ఒక మెసేజ్ పెట్టండి, అసోసియేషన్‌కి ఒక కాగితం ఇవ్వండి. ఇరుగుపొరుగు కదా, రాతకోతలెందుకని ఊరుకుంటే, రేపు పెద్ద గాయమైనప్పుడు "మాకేం తెలుసు" అన్న మాటకు మీ దగ్గర జవాబుండదు.

జాతిని బట్టి భయపడటం నాకు సరైన దారి అనిపించదు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల పెంపకాన్ని ఆపమని రాష్ట్రాలకు లేఖ రాస్తే, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు మెజారిటీ ఉంది కదా అని కుక్కలనే నిషేధించడం, లిఫ్ట్ ఎక్కొద్దనడం కూడా కుదరదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కోపంతో చట్టాన్ని చేతిలోకి తీసుకుంటే కథ తలకిందులవుతుంది. 2024 మేలో హైదరాబాద్ మధురానగర్‌లో పెంపుడు కుక్క గొడవ ముదిరి, దాన్నీ దాని యజమాని కుటుంబాన్నీ కర్రలతో కొట్టారు. కొట్టినవాళ్లు అరెస్టయ్యారు. కుక్కకు విషం పెట్టినా, కాలు విరగ్గొట్టినా న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. అజాగ్రత్త యజమానికి ఆరు నెలలు, విషం పెట్టినవాడికి ఐదేళ్లు. కడుపుమంటతో ఉన్నవాళ్లకు ఇది అన్యాయంగా తోచవచ్చు, కానీ గట్టు దాటే ముందు తెలిసి ఉండాలి.

కరిచిన రోజు మాత్రం తగవు పక్కన పెట్టక తప్పదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడగాలి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కుక్కకు టీకా వేయించామన్న మాట విని ఆగొద్దు. ఆ కుక్కను పది రోజులు కళ్లముందు ఉంచి గమనించాలి. పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే, మిగతా డోసుల సంగతి డాక్టర్ తేలుస్తారు. కాబట్టి గొడవకు జడిసి యజమాని రాత్రికి రాత్రే కుక్కను ఊరికి పంపేయకూడదు, కోపంతో ఇవతలివాళ్లు దాన్ని చంపకూడదు. టీకా కార్డు అడిగితే అవమానమనుకోకుండా చూపించాలి. ఆసుపత్రి బిల్లుతో పాటు ఆటో ఖర్చూ, పోయిన రోజు కూలీ కూడా కుక్కవాళ్లే అడగకముందే ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం.