ఐదు వందల కిలోమీటర్లు, నాలుగు పంచాంగాలు

శ్రీకాకుళంలోని అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద పొద్దుటి ఎండ పడేది ఏడాదికి రెండే విడతలు. మార్చి రెండో వారంలో, అంటే 9, 10 తేదీల చుట్టూ ఒకసారి. అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లో మరోసారి. పడితే కొద్ది నిమిషాలే. తూర్పున మబ్బు పట్టిందంటే ఆ నిమిషాలూ ఉండవు. వ్యాను మాట్లాడుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు చుట్టి వద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది "మొత్తం ఎన్ని కిలోమీటర్లు?" అని. కిలోమీటర్లు మా వైపు చిన్న లెక్క. తేదీలు చూసుకోవడమే పెద్ద లెక్క.

డబ్లిన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు వేసవి సెలవులకు క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని ఐర్లాండ్ పడమటి తీరం తిరుగుతుంటారు. వైల్డ్ అట్లాంటిక్ వే అని 2014లో పేరు పెట్టిన ఆ దారి 2,500 కిలోమీటర్లు. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి. జూన్‌లో అక్కడ పగలు 17 గంటలు. రాత్రి పదింటి దగ్గరకొచ్చినా వెలుతురు పోదు. ఆ అలవాటుతో ఇంటికి వచ్చి, ఇక్కడా అలాగే తిరుగుదామంటారు. తిరగొచ్చు. కాకపోతే డిసెంబరులో శ్రీకాకుళంలో పగలు 11 గంటలే, ఐదున్నరలోపే పొద్దు వాలిపోతుంది. వరికోతలు అయ్యాక పల్లె రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి, గట్టుకు రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. అందుకే సాయంత్రం ఐదింటికి బండి ఆగిపోవాలని ముందే అనుకోండి.

దారి సంగతి తొందరగా చెప్పేస్తాను. విశాఖ నుంచి విజయనగరం 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీకాకుళం 70. శ్రీకాకుళం నుంచి రాష్ట్రం చివర ఉన్న ఇచ్ఛాపురానికి 16వ నంబరు జాతీయ రహదారి మీద మరో 130 దాకా. విజయనగరంలో మొదలుపెట్టి, రామతీర్థం, బొబ్బిలి, రాజాం, పొందూరు మీదుగా శ్రీకాకుళం చేరి, అక్కడ రెండు రోజులు ఆగి, ముఖలింగం, టెక్కలి, పలాస, బారువ చూసుకుని ఇచ్ఛాపురం నుంచి వెనక్కి తిరిగితే, పక్కదారులన్నీ కలుపుకుని 500కు అటూ ఇటూ అవుతుంది. లీటరుకు పది కిలోమీటర్లిచ్చే బండికి 50 లీటర్ల డీజిలు. ఐదు రోజులు చాలు. చుట్టాలు ఎవరైనా రైల్లో వచ్చి మధ్యలో కలుస్తామంటే ఒక మాట గుర్తుంచుకోండి: శ్రీకాకుళం రోడ్ స్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఊళ్లోకి రావడానికి ఇంకో పన్నెండు, పదమూడు కిలోమీటర్లు.

ఇక తేదీలు. ఈ రెండు జిల్లాల్లో ఒకేసారి నాలుగు పంచాంగాలు నడుస్తుంటాయి.

మొదటిది సూర్యుడిది. మార్చి 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమవుతాయి, సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మార్చి 10 దానికి పదకొండు రోజుల ముందు. సెప్టెంబరు 23 ప్రాంతంలో మళ్లీ పగలూ రాత్రీ సమానం. అక్టోబరు 2 దానికి తొమ్మిది, పది రోజుల తర్వాత. ఈ రెండు తేదీల్లోనూ సూర్యుడు ఇంచుమించు ఒకే చోట, తూర్పుకు నాలుగు డిగ్రీలు దక్షిణంగా పైకొస్తాడు. అరసవల్లిలో గాలిగోపురం నుంచి గర్భగుడి దాకా ద్వారాలన్నీ ఆ చోటుకు సూటిగా కుదిరాయి. తూర్పు గాంగుల కాలంలో, ఏడో శతాబ్దంలో కట్టిన గుడి అని చెబుతారు. ఈ లెక్క తెలిసి వెళ్లి నిలబడితే ఆ వెలుగు మరింత అద్భుతంగా అనిపిస్తుంది. మార్చిలో ఆకాశం తేటగా ఉంటుంది. అక్టోబరులో వానమబ్బుతో పందెం.

రెండోది చంద్రుడిది. విజయనగరం పైడితల్లి సిరిమాను ఉత్సవం విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం. ముందురోజు సోమవారం తొలేళ్లు. చింతమానును తెచ్చి చెక్కి, దాని చివరన పూజారిని కూర్చోబెట్టి, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. 2025లో దశమి అక్టోబరు 2న, సిరిమాను 7న వచ్చాయి. అరసవల్లి కిరణాలకూ సిరిమానుకూ మధ్య నాలుగైదు రోజులే. ఒక్క ప్రయాణంలో రెండూ కుదిరేవి. అంతకు ముందు ఏడాది, 2024లో, దశమి 12న, సిరిమాను 15న. కిరణాలకూ సిరిమానుకూ మధ్య పన్నెండు రోజుల ఎడం. సూర్యుడి తేదీ కదలదు, తిథి కదులుతుంది. ఎప్పుడు వచ్చినా సిరిమాను నాడు మాత్రం విజయనగరం నడిబొడ్డుకు బండి తీసుకురాకండి. ఊరి బయట ఆపుకుని నడిచి రండి. లక్షల మంది నడిచే వస్తారు.

మూడోది గాలిది. మా వాళ్లు అక్టోబరు అంటే భయపడడానికి కారణం ఉంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. ఐదేళ్ల వ్యవధిలో మూడు పెద్ద తుపాన్లు, తేదీలో ఒక్క రోజు తేడా. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఎదగడానికి ఏళ్లు పట్టే చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. 2025 దసరా నాడు కూడా గోపాల్‌పూర్ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటి, వంశధార, నాగావళి పొంగాయి. పండగ తేదీలు కలిసొచ్చిన ఏడాదే వానా వచ్చింది. కాబట్టి అక్టోబరులో వచ్చేవాళ్లు బస్సులోనో రైల్లోనో వచ్చి, గట్టి కప్పున్న గదిలో ఉండండి. సముద్రం పక్కన వ్యానులో పడుకునే నెల కాదది.

నాలుగోది పక్షులది. టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సైబీరియా పక్షులని ఊళ్లో అంటారు. నిజానికి గూడబాతు మన దక్షిణాసియా పక్షే. అవి రావడం ఆలస్యమైతే ఊరివాళ్లు దిగులు పడతారు. వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. దగ్గర్లోనే నౌపడ ఉప్పు మడులు, చిత్తడి నేల ఉన్నాయి. హారను కొట్టకండి, బండి దూరంగా ఆపండి.

ఈ నాలుగూ కలిపి చూస్తే నా లెక్కకు సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి శివరాత్రి దాకా బండిలో తిరగడానికి మంచి కాలం. పక్షులుంటాయి, తుపాను భయం ఉండదు, ధాన్యం రోడ్ల మీద నుంచి గాదెల్లోకి పోయి ఉంటుంది. రథసప్తమి నాడు మాత్రం అరసవల్లి కిక్కిరిసిపోతుంది. దర్శనమే ముఖ్యమనుకుంటే రండి, లేదంటే ఒక రోజు ఇటో అటో జరుపుకోండి. శివరాత్రికి ముఖలింగంలో జాతర, ఆపైన వంశధారలో చక్రతీర్థ స్నానం. ఒడిశా నుంచీ జనం వస్తారు. ఒకప్పుడు కళింగ గాంగుల రాజధాని అయిన ఊరు, శ్రీకాకుళానికి 46 కిలోమీటర్లు. మధుకేశ్వరుడి గుడి గోడల మీది శిల్పం చూడడానికి కనీసం రెండు గంటలు కేటాయించండి. అరగంటలో చూసి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

చలికాలమే ఎందుకంటే బండిలో నిద్ర. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండే శక్తి 1,200 వాట్-అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కనుక చేతికొచ్చేది 600. పాతిక వాట్ల ఫ్యాన్లు రెండు, ఎనిమిది గంటలు తిరిగితే 400 ఖర్చు. ఫోన్లకూ ఒక దీపానికీ ఇంకో 200 మిగులుతుంది. అదే ఒక కిలోవాట్ ఏసీ రాత్రంతా సగం సేపు నడిచినా 4,000 కావాలి. మే నెలలో కళింగపట్నం ఉక్కపోతలో ఫ్యాను చాలదు, ఏసీకి బ్యాటరీ చాలదు. అప్పుడు ఇంజను ఆన్‌లో పెట్టి పడుకుందామనిపిస్తుంది. ఆ పని ఎప్పుడూ చేయకండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. దానికి వాసన ఉండదు, నిద్రలోంచి లేపదు. గ్యాసు పొయ్యి కూడా బండి బయటే వెలిగించండి.

నీళ్ల లెక్క ఇలా వేసుకోండి. మనిషికి తాగడానికి రోజుకు మూడు లీటర్లు, వంటకూ కడుక్కోవడానికీ పది. నలుగురికి రోజుకు 52 లీటర్లు. ఐదు రోజులకు 260, అంటే 260 కిలోల బరువు. అంత మోయడం దండగ. ఏ రోజుకారోజు నింపుకోండి. మా చిన్నప్పుడు మెటాడోరు కట్టించుకుని శ్రీకూర్మం వెళ్లినప్పుడు ఇద్దరు మగవాళ్లకు బిందెలు నింపడమే పని. ఇప్పుడూ ఊరివాళ్లను అడిగితే నీళ్లు లేవనరు.

కాగితాల సంగతి. ఎల్ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. టెంపో ట్రావెలర్‌కు అది చాలు. ఈ దారిలో నాతవలస, మడపాం, లక్ష్మీపురం, బెల్లుపడ టోల్ గేట్లున్నాయి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ ఏడాది పాసు 200 దాటింపులకు, అంటే అప్పటి ధరకు దాటింపుకు 15 రూపాయలు. కానీ అది సొంత కార్లకూ వ్యాన్లకే. పసుపు ప్లేటు అద్దె బండికి వర్తించదు. అద్దె బండైతే ఒడిశా పర్మిట్ ఉందో లేదో కూడా అడగండి. పాతపట్నం దగ్గర మహేంద్రతనయ దాటితే అది పర్లాకిమిడి.

మధ్యలో ఆగాల్సిన రెండు చోట్లు చెప్పకుండా ఉండలేను. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడుకుతారు. ఆ సన్నని పళ్లే దువ్వెన. కళింగపట్నం దారిలో శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో బయటపెట్టింది గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన మనిషే ఆయన. పైనుంచి వంశధార సముద్రంలో కలిసేది చూడండి, సాయంత్రం నాలుగింటికి.

శ్రీకాకుళం తీరం 193 కిలోమీటర్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఒడ్డుకొస్తాయి. గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు. బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటే సముద్రమనుకుని పాకుతాయి. బారువ ఇసుక మీదికి బండి దించకండి. రోడ్డు పక్కనే ఆపి, లోపలి దీపాలకు కూడా తెర వేసి, హెడ్‌లైట్లు ఆర్పేయండి.