పాత కారుకు టర్బో ఇంజను: తక్కువ ఖర్చుతో సాధ్యమా?

కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోయే రోడ్డు మన విద్యార్థులలో అనేకులకు సుపరిచితమైనదే. ఆ రోడ్డు మీద ఒక పాత మారుతి ఎస్టీమ్ కారు తెల్లని పొగ కక్కుతూ నిలిచిపోయిన దృశ్యమును మేము కన్నులారా చూచినాము. చూచుటయే కాదు, దానిని ఆ స్థితికి తెచ్చిన వారము కూడ మేమే. ఆనాడు ఆ కారులో మా మిత్రుని దాదీమా కంటి ఆపరేషను కొరకు కామారెడ్డికి బయలుదేరినారు. ఆమెను ఆటో ఎక్కించి పంపి, రోడ్డు ప్రక్కన చెట్టు క్రింద కూర్చుని మేము చేసిన ఆలోచనలే ఈ వ్యాసమునకు మూలము.

ఎస్టీమ్ కారు 1994లో వచ్చినది. మొదటి బండ్లలో 1298 ఘన సెంటీమీటర్ల ఇంజను, 8 వాల్వులు, కార్బురేటరు ఉండేవి. శక్తి సుమారు 65 అశ్వశక్తులు. తరువాత అదే పరిమాణముతో 16 వాల్వులు, పెట్రోలును పిచికారి చేసే ఇంజెక్షను పద్ధతి వచ్చి శక్తి 85కు పెరిగినది. మా మిత్రునిది మొదటి రకము. ఇంటిల్లిపాది ఎక్కితే చిన్న ఎత్తుకు కూడ రెండవ గేరు అడిగేది. క్రొత్త కారు కొనే స్తోమత లేదు. పాత సామానుల నుండి భాగములు ఏరి, ఒక టర్బో కూడ తగిలిస్తే చాలునని మేము తలచినాము.

ఇట్లు వేరు వేరు ఇంజనుల భాగములను కలిపి తయారు చేసిన దానిని మోటారు పనివారు హైబ్రిడ్ ఇంజను అంటారు. బ్యాటరీతోను పెట్రోలుతోను నడిచే నేటి హైబ్రిడ్ కారు వేరు. మక్కజొన్న పండించే మన ప్రాంతపు రైతులకు ఈ మాట క్రొత్తది కాదు. రెండు రకముల మంచి గుణములను ఒకచోట చేర్చుటయే దాని అర్థము. అయితే మొక్కకు ప్రకృతి చేసే పొందికను ఇనుమునకు మనమే చేయవలసి ఉంటుంది. హోండా కంపెనీ బి శ్రేణి ఇంజనులలో 1834 ఘన సెంటీమీటర్ల సాధారణ బ్లాకు మీద వీటెక్ హెడ్ బిగించుట ప్రపంచమంతట ప్రసిద్ధి చెందినది. కాని ఆ బ్లాకులో వీటెక్ హెడ్‌కు నూనె పంపే మార్గము లేదు. బయటి నుండి ఒక గొట్టము వేసి, హెడ్‌లోని ఒక రంధ్రమును మూసిన తరువాతనే అది పని చేస్తుంది. కావున పరిమాణము ఒక్కటే అయినంత మాత్రమున ఒకదాని హెడ్ మరొకదానికి కూర్చుంటుందని అనుకొనరాదు. బోల్టు రంధ్రములు, నీటి దారులు, నూనె దారులు, వాల్వునకు పిస్టనునకు నడుమ ఎడము – ఈ నాలుగింటిలో ఏది తప్పినా సొమ్ము దండుగ. మేము ఆ మోజు విడిచి 16 వాల్వుల ఇంజనును పూర్తిగా తెచ్చుకొన్నాము. దానికి 1248 ఘన సెంటీమీటర్ల ఒక డీజిల్ కారు నుండి తీసిన చిన్న టర్బో తోడైనది. మా సంకరము అంతవరకే.

టర్బో అనగా ఏమి? ఇంజను విడిచే వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండవ చక్రము బయటి గాలిని నొక్కి సిలిండరులోనికి పంపుతుంది. వ్యర్థముగా పోయే పొగతో ఇంజనుకు అదనపు ఊపిరి పోయుట ఇందలి కిటుకు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంటు కోరినాడు. వాతావరణ పీడనము చదరపు అంగుళమునకు 14.7 పౌండ్లు. దానికి టర్బో మరి 6 పౌండ్లు చేర్చితే పీడనము నూటికి 40 వంతులు పెరుగుతుంది. నొక్కిన గాలి వేడెక్కి పలుచబడుతుంది గనుక నిజముగా లభించే లాభము అంతకు తక్కువే. పాత ఇంజనుకు ఆ పాటి చాలును.

చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది. పిస్టను గాలిని ఎన్ని రెట్లు నొక్కునో దానిని కంప్రెషన్ నిష్పత్తి అంటారు. ముందే నొక్కబడిన గాలిని అధిక నిష్పత్తితో మరల నొక్కితే, పెట్రోలు మిశ్రమము తగిన సమయమునకు ముందే భగ్గున అంటుకొంటుంది. పిస్టను తల మీద సుత్తితో కొట్టినట్లు టకటక చప్పుడు వస్తుంది. 1962లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో 10.25 నిష్పత్తి మీదనే టర్బో పెట్టినారు. ఈ పోటును ఆపుటకు నీరు, మెథనాల్ కలిపిన ద్రవమును వేరే తొట్టి నుండి చిమ్మేవారు. ఆ తొట్టి నింపుట యజమానులు మరచిపోయినారు. 1963తోనే ఆ కారు కథ ముగిసినది. అంత పెద్ద కంపెనీయే బోల్తా పడిన చోట మేము లేచి నిలిచెదమనుకొనుట సాహసమే.

నిష్పత్తి తగ్గించవలెనని మాకు తెలియును. అందుకు సులభోపాయముగా రెండు హెడ్ గాస్కెట్లను ఒకదాని మీద ఒకటి వేసినాము. లింగంపేట దగ్గర కాలినవి అవియే! నీరు సిలిండరులోనికి దిగి తెల్లని పొగ అయినది. షెడ్డులో మా ఉస్తాద్ దానిని విప్పి చూచి, "గాస్కెట్ రెండేస్తే హెడ్ రెండుసార్లు దిగుతది బేటా" అన్నాడు. అన్నట్లే రెండవసారి దింపవలసి వచ్చినది. జంట గాస్కెట్ల నడుమ పట్టు నిలువదు. అంతేకాక హెడ్‌కు పిస్టనునకు నడుమ సందు పెరిగి, మిశ్రమము చక్కగా సుడి తిరుగక, తప్పించుకొనదలచిన ఆ పోటే తిరిగి వస్తుంది.

రెండవసారి మేము పానా పట్టుటకు ముందు బ్యూరెట్ పట్టినాము. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మనమందరము వాడే బ్యూరెట్టే. హెడ్‌ను తలక్రిందులుగా పెట్టి, వాల్వులు మూసి, స్పార్క్ ప్లగ్ బిగించి, గ్రీజు పూసిన రంధ్రపు అద్దముతో గుంటను కప్పి, బ్యూరెట్ నుండి కిరోసిన్ విడిస్తే ఎంత పట్టునో తెలుస్తుంది. లెక్క చిన్నదే. 1298ని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కొక్కటి 324.5 ఘన సెంటీమీటర్లు. నిష్పత్తి 9.5 కావలెనంటే పైన మిగులు చోటు 38.2 ఉండవలెను, 8.5 కావలెనంటే 43.3. అనగా సిలిండరుకు కేవలము 5 ఘన సెంటీమీటర్లు, ఒక చెంచాడు! ఆ చెంచాడు చోటును తగిన గుంట గల పిస్టన్ల వలన పొందవలెను గాని గాస్కెట్ల మందము వలన కాదు. లేత్ మీద పిస్టను తల తొలిపించే వారు, ఎంత మందము మిగులునో ముందు కొలిచి, నాలుగింటి బరువును సరిచూడవలెను.

పెట్రోలు సంగతి మరి యొకటి. 1 కిలో శుద్ధ పెట్రోలు సరిగా మండుటకు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాల్‌కు 9 కిలోలు చాలును. 2025 నాటికి మన బంకులలో నూటికి 20 వంతుల ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చినది. కావున అదే గాలికి ఎక్కువ ఇంధనము పోయవలసి ఉంటుంది. టర్బో అదనపు గాలిని తెచ్చునప్పుడు పాత ఇంజెక్టర్లు చాలవు. ఇంధనము తక్కువై మిశ్రమము పలుచబడితే పిస్టను కరుగుతుంది. ఆ పెట్రోలు పాత రబ్బరు గొట్టములను మెత్తబరచును గనుక వాటిని మార్చుట వాయిదా వేయదగినది కాదు.

డీజిల్ కారు టర్బో చవకగా దొరుకును. కాని పెట్రోలు ఇంజను పొగ డీజిల్ పొగ కంటె ఎంతో వేడి. కదిలే రెక్కలు గల రకమైతే ఆ వేడికి రెక్కలు బిగుసుకొనే ప్రమాదమున్నది. వేస్ట్‌గేట్ గల సాదా రకమే మేలు. దాని ఇరుసు నిమిషమునకు రెండు లక్షల చుట్లకు పైగా తిరుగగలదు. దానిని కాచేది పలుచని నూనె పొర ఒక్కటే. పరుగు నుండి వచ్చిన వెంటనే తాళము త్రిప్పక, ఒక నిమిషము ఇంజనును ఊరక నడువనియ్యవలెను.

ఖర్చు విషయమున మా అభిప్రాయము స్పష్టము. చేతిలో వంద రూపాయలుంటే అరువది రూపాయలు బ్లాకు, రింగులు, బేరింగులు, రేడియేటరు, నీటి పంపులకే పోవలెను. మేము ముందు టర్బో కొని తరువాత ఇంజను వంక చూచినాము. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ ఒకదానికొకటి నూటికి పది వంతులకు మించి తేడా ఉంటే టర్బో మాట తలపెట్టనే రాదు.

చట్టమును కూడ మేము ఆలస్యముగానే చదివినాము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, నమోదు పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనిని ధ్రువపరచినది. ఇంజను మారితే దాని నంబరు మారుతుంది. రవాణా కార్యాలయపు అనుమతి లేక రోడ్డెక్కితే ప్రమాద సమయమున బీమా విషయములో కూడ చిక్కు రాగలదు. దాదీమాను ఎక్కించుకొన్న నాడు మా వద్ద ఏ కాగితమూ లేదు.

ప్రస్తుతము ఇంజను షెడ్డులోని స్టాండు మీద నడుస్తున్నది. ఆరు పౌండ్ల పీడనము వద్ద టకటక లేదు. నంబరు మార్పు కొరకు దరఖాస్తు పెట్టినాము. టర్బోను గూర్చి వేరుగా వ్రాసి అడిగినాము. జవాబు రావలసి ఉన్నది. ఈలోగా రెండవ కంటి ఆపరేషనుకు దాదీమా ఆర్టీసీ బస్సులో పోయి వచ్చినారు.