చెరువునకు తిండి యెక్కువైనచో

గత వేసవిలో మా యింటికి వచ్చిన బంధువుల బిడ్డ యొకతె ఊరిచెరువును జూచి, “పిన్నీ, ఈ నీళ్లలో పచ్చరంగు ఎవరు కలిపినారు?” అని యడిగెను. ఆనాడు మేము నవ్వి యూరకుంటిమి. పిదప సంగతి తెలిసికొనగా అది నవ్వవలసిన మాట కాదని తోచినది. ఆ రంగు కలిపినవారము మనమే.

నాచును ఒక మొక్కవంటిదే. వరిపైరునకు బలమిచ్చు నత్రజని, భాస్వరములే దానికిని బలము. పొలమున మిగిలిన ఎరువు, పెంటకుప్పల ఊట, మరుగుదొడ్ల నీరు, కొన్ని సబ్బుపొడులలోని భాస్వరము వాననీటితో చెరువు చేరును. అప్పుడు నాచు మితిమీరి పెరిగి నీటిపై చాపవలె పరచుకొనును. క్రింది మొక్కలకు వెలుతురు అందదు. చచ్చిన నాచు అడుగున కుళ్లునపుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించును. రాత్రియంతయు నాచుకూడ ఆ వాయువునే పీల్చును. కావుననే తెల్లవారుజామున చేపలు ఊపిరాడక చచ్చి తేలుచుండును.

1973లో కెనడా దేశమున శాస్త్రజ్ఞులొక చిన్న సరస్సునకు నడుమ తెరగట్టి రెండు భాగములు చేసిరి. రెండింటను కర్బనము, నత్రజని కలిపి, ఒకదానియందు మాత్రము భాస్వరము గూడ చేర్చిరి. భాస్వరము చేరిన భాగమే నాచుతో పచ్చబడెను. మనకు అంతదూరము పోనక్కరలేదు. 16వ శతాబ్దమున హైదరాబాదు చెంత నిర్మింపబడిన హుస్సేనుసాగరము నగరపు మురుగు చేరిచేరి నాచుకును దుర్గంధమునకును నెలవాయెను.

“కాచి వడబోసిన చాలును గదా” యని గృహిణులము ధైర్యపడుదుము. ఈ ధైర్యము ఇచట పనికిరాదు. నీలియాకుపచ్చని నాచులలో కొన్ని విషమును పుట్టించును. కాచుటచే క్రిములు చచ్చును గాని ఆ విషము పోదు. నీరు ఆవిరియైనకొలది అది మరింత చిక్కనగును. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నీటిని వాడు అమెరికాలోని టొలీడో నగరమున ఇట్టి విషము బయటపడెను. 4 లక్షలకు పైబడిన జనులు ఇంచుమించు 3 దినములు కుళాయినీరు త్రాగరాదనియు, కాచియైనను వాడరాదనియు అధికారులు చాటిరి.

ఇక మన కొండల మాట. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీనది బొర్రాగుహల మీదుగా దిగి తాటిపూడి జలాశయమును జేరును. అచటినుండి విశాఖపట్టణమునకు త్రాగునీరు పోవుచున్నది. కొండమీది గెడ్డలో కలిసినది దిగువ నెవరి బిందెలోనికో వచ్చుననుట దీనివలన స్పష్టము. అరకు ప్రాంతపు గిరిజనులు చెట్లనీడను కాఫీ పండించుచున్నారు. ఆ చెట్ల వేళ్లు వాలులందలి మట్టిని పట్టియుంచును. మట్టి నిలిచినచో దానినంటియున్న భాస్వరమును నిలుచును. నీటికి కావలి కాయువారు వారే. లోయను చూడబోయి బసలలో దిగు మనమే మురుగును పెంచుచున్నాము.

సోదరీమణులారా, చేయదగిన పనులు మన చేతిలోనివే. పచ్చని తెట్టు కట్టిన నీటిని త్రాగకుడు, పశువులకు పెట్టకుడు, పిల్లలను దిగనీయకుడు. గెడ్డలోనే బట్టలుతుకక, నీరు తోడుకొని గట్టునకు దూరముగా ఉతుకుడు. పెంటకుప్పను కాలువయొడ్డున వేయక గోతిలో వేసి కప్పుడు. కాఫీపండ్ల తొక్కను గెడ్డలో పారవేయక ఎరువుగా మార్చిన చెట్లకు మేలు. వాన రానున్నదని తెలిసి పొలమున యూరియా చల్లనీయకుడు. అది పైరునకు గాక కాలువకు పెట్టిన ఖర్చగును. గట్టున గడ్డిని పెరుగనిచ్చినచో దిగివచ్చు మట్టిని అది చాలవరకు ఆపును.

పెద్దలు తటాకమును సప్తసంతానములలో నొకటిగా జెప్పిరి. బిడ్డకు అరుగనంత తినిపించు తల్లిని ఇరుగుపొరుగువారు మందలింపక మానరు. చెరువును సంతానమే గదా. దానికి తినిపించు చేతులను గూడ మందలించువారము మనమే కావలయును.